ఇరవై రెండు బారల లోతు

లాజరుకి ఈత బాగా వచ్చు. అలాంటి లాజరు భైరవపాలెం దగ్గర కాలవలో, మోకాలి లోతు నీళ్ళలో మునిగి చనిపోయాడని పంచనామాలో రాశారు.

"మోకాలి లోతు!" అన్నాడు చీఫ్ వీరబ్రహ్మం, కాగితం బల్ల మీద పడేస్తూ. "జేబుల నిండా రాళ్ళు. గోదావరి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి ఈదినవాడు!"

ఏజెంట్ ఆంజనేయరాజుకి సగమే వినపడింది. మండపేటలో ఆ బియ్యం మిల్లు మేడ మీద గదిని డిపార్ట్‌మెంట్ తీసుకున్నదే ఆ చప్పుడు కోసం. కింద మిల్లు ఆడుతున్నంతసేపూ ఎంత ఖరీదైన మైక్ పెట్టినా ఆ మోత తప్ప ఇంకేమీ రికార్డు కాదు. చిక్కల్లా, ఆర్డరు తీసుకోవాల్సిన ఏజెంటు కూడా ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకోవాలి. ఈసారి మాత్రం రెండోసారి చెప్పించుకోలేదు. లాజరుని ఆ పనికి ఎంపిక చేసింది ఆంజనేయరాజే. "చేపల ఫొటోలు తీసే ఓడ. పిక్నిక్ అనుకుని వెళ్ళిరా" అని ఫోన్లో నవ్వుతూ పంపించిందీ అతనే.

వీరబ్రహ్మం గోడ మీద చార్టు విప్పాడు. కాకినాడ ఎదురుగా సముద్రం. అందులో ఎర్ర సిరాతో ఒక సున్నా.

"ఇక్కడ ఇరవై రెండు బారల లోతులో రాళ్ళ గుట్ట ఉంది. ఆ రాళ్ళ మధ్య నుంచే ఒడ్డుకి గ్యాసు పైపులైను వస్తుంది. ఒక విదేశీ ట్రస్టు వాళ్ళు 'జలపుష్పం' అనే ఓడ అద్దెకి తీసుకుని, నీళ్ళలోకి కెమెరాలు దించి, అడుగున ఏ జీవాలున్నాయో సర్వే చేస్తున్నారు. వాటిని కాపాడతారట. మంచిపనే. కానీ ఆ ట్రస్టు వెనకున్న ముఠా మంచిది కాదు. మన గ్యాసు ఆగిపోతే వాళ్ళ గ్యాసు మనం కొనాలి. అర్థమైందా?"

"ఎప్పుడు?"

"ఈ రోజు మే ఇరవై ఎనిమిది. వేట నిషేధం కాబట్టి సముద్రంలో ఒక్క పడవ లేదు. జూన్ ఒకటిన నిషేధం ఎత్తేస్తారు. నలభై అయిదు రోజులు ఒడ్డున కూర్చున్న పడవలన్నీ ఆ రోజు ముందుగా ఎక్కడికెళ్తాయనుకుంటున్నావు? ఆ రాళ్ళ మీదకే. నూట పన్నెండు పడవలు. వాటి కింద పైపు పేలితే..." మిగతాది మిల్లు చప్పుడులో వినపడనక్కర్లేదు.

"పైపులో గ్యాసు ఆపించండి సార్. పడవల్ని ఆపించండి."

"పైవాళ్ళని అడిగాను. ఆధారం చూపించమన్నారు. ఆధారం లాజరుతో పోయింది. అతను పంపిన చివరి మెసేజ్ మూడే మాటలు. 'నలభై రెండో టేపు.' ఆ టేపు ఓడలోనే ఉంది. లాజరు స్థానంలో కెమెరామన్‌గా నువ్వెళ్తున్నావు. భీమవరంలో పెళ్ళి వీడియోలు తీసుకునేవాడివి. పేరు మార్చక్కర్లేదు, మీ జిల్లాలో ఆంజనేయరాజులు ఊరికి పదిమంది దొరుకుతారు. మీసం మాత్రం తీసెయ్యాలి."

ఆంజనేయరాజు చెయ్యి దానంతటదే మీసం మీదకి పోయింది. పన్నెండేళ్ళ సర్వీసులో తుపాకీ ఎదురుగా నిలబడ్డప్పుడు కూడా అతను అంత దీనంగా కనపడలేదు.

"ఓడలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ తెలీదు, ఢిల్లీ వాళ్ళు పెట్టారు. 'చందువ పులుసులో మామిడికాయ వేస్తారా?' అని అడుగుతారు. 'మా ఇంట్లో చింతపండే' అని నువ్వనాలి. ఇదిగో, ఈ పౌడరు డబ్బా. అడుగున ట్రాన్స్‌మిటర్ ఉంది. రోజూ మధ్యాహ్నం రిపోర్టు. ఇంకేమైనా ఉందా?"

"సార్, నాకు ఈత రాదు."

కింద మిల్లు గట్టిగా మోగుతోంది. వీరబ్రహ్మం చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదన్నట్టు తల ఊపి, లేచి కరచాలనం చేశాడు.

*

రొయ్యల చెరువు నడుంలోతు ఉంటుంది. అందులో పుట్టి పెరిగిన ఆంజనేయరాజుకి నీళ్ళంటే అంతవరకే లెక్క. 'జలపుష్పం' కాకినాడ రేవు దాటి, ఒడ్డు సన్నని గీతలా మారి, ఆ గీత కూడా పోయేసరికి అతని కాళ్ళు డెక్కు మీద నిలవనన్నాయి. పైకి మాత్రం పెళ్ళివారి దగ్గర నవ్వే నవ్వే నవ్వుతూ కెమెరా కేబుళ్ళు చుట్టసాగాడు.

అతను కాక ఓడలో ఉన్నది నలుగురు. సర్వే పెద్ద డాక్టర్ రుడెన్. ఆరడుగుల దొర, తెల్లటి కనుబొమలు, ఎప్పుడూ మెత్తని చెప్పులు. వెనక నిలబడినా తెలిసేది కాదు. శాస్త్రవేత్త డాక్టర్ కీర్తిప్రియ. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫు, విశాఖలో చదువు, విదేశాల్లో పరిశోధన. ఆవిడ డెక్కు మీదకి వస్తే సముద్రం కూడా కాస్త సర్దుకుని కూర్చున్నట్టుండేది. ఓడ నడిపే సరంగు సత్తియ్య అడిగితే తప్ప మాట్లాడడు. నాలుగో మనిషి మరిడమ్మ. యాభై ఏళ్ళుంటాయి. అడుగు నుంచి తోడిన మట్టిలో గుల్లలు, నత్తలు, పీతలు ఏరి వేరు చేయడం ఆవిడ పని. చిన్నప్పట్నుంచీ కాలవల్లో గుల్లలు ఏరి సున్నం బట్టీలకి వేసిన చెయ్యి కాబట్టి, పుస్తకం చూసి కీర్తిప్రియ పది నిమిషాల్లో చెప్పేది ఈవిడ చూపులో చెప్పేస్తుంది.

మొదటి రోజు భోజనం దగ్గర కీర్తిప్రియ పక్కన కూర్చుంది.

"కెమెరామన్ గారూ, మీ భీమవరం వైపు చందువ పులుసులో మామిడికాయ వేస్తారాండి?"

అతని చేతిలో ముద్ద ఆగింది. ఇంత తొందరగానా?

"మా ఇంట్లో చింతపండేనండి."

ఆవిడ నవ్వింది. వంగి, చాలా నెమ్మదిగా అంది. "లాజరు కూడా అదే చెప్పాడండి."

కోడ్ సరిగ్గానే ఉంది. కానీ ఈ కోడ్ తెలిసిన లాజరుని నీళ్ళలో తొక్కి పెట్టినవాళ్ళు, అంతకుముందు అతని చేత ఏమేం చెప్పించారో ఎవరికి తెలుసు? ఈవిడ మన మనిషా, లేక మన మనిషి మాటలు వల్లె వేస్తున్న వాళ్ళ మనిషా? ఎదురుగా రుడెన్ చేప ముల్లు ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున వరసగా పేరుస్తున్నాడు.

*

పని మాత్రం నిజంగానే జరిగేది. నాలుగు కాళ్ళ ఇనప చట్రంలో కెమెరా, రెండు లైట్లు. తాడు చుట్టే వించి మీద కేబుల్ వదులుతుంటే చట్రం కిందికి దిగుతుంది. టీవీలో మొదట పచ్చదనం, తర్వాత బూడిదరంగు, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనం చూస్తున్నప్పుడల్లా ఆంజనేయరాజుకి తనే దిగుతున్నట్టుండేది. అంతలో లైట్ల వెలుగులో అడుగు కనపడేది. విసనకర్రల్లా విచ్చుకున్న పగడపు కొమ్మలు, స్పాంజీలు, రాతి సందులో కళ్ళు మిటకరించే పీత, ఇసుక దులుపుకుని లేచే, తోకన ముల్లున్న టేకు చేప. ఆ చేప కదిలిన ప్రతిసారీ అతను కుర్చీలో వెనక్కి జరిగేవాడు.

"ఈ కొమ్మ ఇంత పెరగడానికి నలభై ఏళ్ళు పట్టిందండి," అంది కీర్తిప్రియ, టీవీ అద్దం మీద వేలు పెట్టి. కళ్ళద్దాలు తీసేసింది. "వల ఒక్కసారి తగిలితే చాలు, విరిగిపోతుంది. ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు మ్యాప్ చేస్తే కదా కాపాడేది! పదేళ్ళు కెమెరా అడిగాను. ఎవరూ ఇవ్వలేదు. వీళ్ళిచ్చారు."

అది నటన అనిపించలేదు. అందుకే అతనికి ఇంకా భయం వేసింది.

టేపులన్నీ మొదట రుడెన్ చూస్తాడు. తర్వాత అవి అరలోకి వస్తాయి. ఆంజనేయరాజు రెండో రోజు ఆ అర వెతికాడు. నలభై ఒకటి ఉంది. నలభై మూడు ఉంది. మధ్యలో వేలు పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలో వేలు ఉండగానే వెనక నుంచి మెత్తగా ఒక గొంతు వినపడింది.

"ఏదైనా పోయిందా, మిస్టర్ రాజు?"

రుడెన్. గుమ్మంలో ఎంతసేపట్నుంచి ఉన్నాడో!

"ఖాళీ టేపు కోసమండి," అన్నాడు. దొర చిరునవ్వుతో కొత్త టేపు ఒకటి అందించి, అతని పైపెదవి వంక కాస్త ఎక్కువసేపు చూశాడు. పన్నెండేళ్ళు మీసం ఉన్నచోట చర్మం తెల్లగా ఉంటుందని ఆంజనేయరాజుకి అప్పుడే గుర్తొచ్చింది.

ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నం రుడెన్, కీర్తిప్రియ పై గదిలో చార్టులు చూసుకుంటున్నారు. మరిడమ్మ గుల్లల బుట్ట చంకన పెట్టుకుని కెమెరా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. గుల్లల కింద చెయ్యి పెట్టి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన టేపు తీసింది.

"లాజరు బాబు దాచమన్నాడండి. ఎవరడిగినా ఇవ్వద్దన్నాడు. ఆ దొరా అడిగేడు, డాట్రమ్మా అడిగింది. మీరొక్కరే నన్నడగలేదు. అందుకని ఇస్తన్నాను."

ఆవిడ లాజిక్కు డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్‌లో ఎక్కడా లేదు. అతను టేపు మెషీన్‌లో పెట్టాడు.

పద్నాలుగు నిమిషాలపాటు రాళ్ళు. అన్నీ ఒకలాగే ఉన్నాయి. నాచు, పగడాలు, గుల్లలు అంటుకుని. ఒకచోట రాళ్ళ పక్కనే ఇసుకలో సగం కూరుకుపోయి, తిన్నగా ఒక గీత. పైపు. దాన్ని ఆనుకుని ఇంకో నాలుగు రాళ్ళు. టేపు అయిపోయింది. మళ్ళీ వేశాడు. లాజరు ఏం చూశాడు? దేని కోసం చచ్చిపోయాడు? అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆపండి ఆపండి," అంది మరిడమ్మ. టీవీ దగ్గరికి వంగి చూసింది. "ఆ మూడో రాయి మీద గుల్ల మాదండి."

"మీదేంటి?"

"కాలవ గుల్లండి బాబూ. మడ చెట్ల వేళ్ళకి పడుద్ది. ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసేచోట, అదీ పోటుకి మునిగి పాటుకి తేలాలి. ఇరవై రెండు బారల్లో ఎక్కడ బతుకుద్దండి? మార్చి నెల్లో ఆ దొర పరిశోధన అని చెప్పి రెండు బుట్టలు పట్టుకెళ్ళేడు నా దగ్గర. ఇదిగో చూడండి, నోరు పైకెట్టి ఎవరో అంటించినట్టు లేదూ?"

ఆంజనేయరాజు చూశాడు. మిగతా రాళ్ళ చుట్టూ చిన్న చేపలు తిరుగుతున్నాయి. ఆ మూడో రాయి దగ్గర ఒక్కటీ లేదు. అది రాయి కాదు. సిమెంటు తొడుగు, పైన జిగురుతో అంటించిన గుల్లలు, లోపల ఏముందో అతను ఊహించుకోగలడు. దేశదేశాల ఇంజనీర్లు తయారు చేసిన వేషాన్ని గుల్లలేరే మనిషి ఒక్క చూపులో కనిపెట్టింది.

"రేపు మా ఇద్దరబ్బాయిలూ ఇక్కడికే వస్తారండి. మా పడవే ముందుంటాది ఎప్పుడూ," అందావిడ, అతని మొహం చూస్తూ. "ఏంటండి అలా అయిపోయేరు? ఆ రాయేంటి?"

అతను చెప్పాడు. చెప్పకూడదని రూలు. కానీ ఆ తల్లికి చెప్పకుండా ఉండటం అతని వల్ల కాలేదు. మరిడమ్మ బుట్ట కింద పెట్టి, దాని పక్కనే నేల మీద కూలబడింది.

అతను పరుగున తన గదికి వెళ్ళి పౌడరు డబ్బా అడుగు తిప్పాడు. ట్రాన్స్‌మిటర్ లేదు. డబ్బా నిండా పౌడరు. గులాబీ వాసన. ఎవరో శ్రద్ధగా, ఒక్క రేణువు కింద పడకుండా నింపి, మూత బిగించి, తీసినచోటే పెట్టారు. ఓడలో వైర్‌లెస్ గది తాళం చెవి రుడెన్ దగ్గరే ఉంటుంది.

వాళ్ళకి తెలుసు. తెలిసీ చంపలేదు. ఎందుకు చంపలేదో అర్థం కాక, ఆ రాత్రి అతను బూట్లు విప్పకుండా తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

*

జూన్ ఒకటి. ఉదయం ఏడింటికి రుడెన్ స్పీడ్ బోటు దింపుకుని, ఒడ్డున పనుందనీ, భోజనం వేళకి వస్తాననీ చెప్పి వెళ్ళిపోయాడు. వైర్‌లెస్ గది తాళం పగలగొట్టి చూస్తే సెట్టు లోపల వైర్లు చిక్కుడు పాదులా వేలాడుతున్నాయి.

సత్తియ్య ఓడని రాళ్ళ చోటు మీదకి తెచ్చి ఆపాడు. "డాట్రమ్మ ఆర్డరండి. పదిన్నరకి ఇక్కడ లంగరెయ్యాలంట. ఆరు క్వింటాళ్ళ లంగరు. ఈ రాళ్ళ మీద ఎవరైనా ఏత్తారాండి?"

అప్పుడర్థమైంది ఆంజనేయరాజుకి తనని ఎందుకు బతకనిచ్చారో. పైపు పేలుతుంది, ఓడ పోతుంది, పడవలు పోతాయి. ఎంక్వయిరీలో 'సర్వే ఓడ లంగరు తగిలి పైపు పగిలింది' అని తేలుతుంది. ఆ వాక్యం పూర్తవడానికి ఓడలో నాలుగు శవాలు కావాలి.

"లంగరు ముట్టుకోకండి!" అని అరిచి కెమెరా చట్రాన్ని నీళ్ళలోకి తోశాడు.

"కెమెరా పైకి తీయండి రాజుగారూ."

కీర్తిప్రియ. చేతిలో చిన్న పిస్టలు. ఎర్ర స్కార్ఫు గాలికి ఎగురుతోంది. మొహంలో మాత్రం రంగు లేదు.

"ఢిల్లీకీ చెప్తారు, దొరకీ చెప్తారు. ఎవరి మనిషండి మీరు?"

"సముద్రం అడుగు మ్యాపులు వాళ్ళకిచ్చాను. నిజమే. సబ్‌మెరైన్ల చప్పుడు వినే మెషీన్ పెట్టుకుంటామన్నారు. అంతే. పదకొండింటికి దాని సిగ్నల్ వచ్చేదాకా ఓడని ఇక్కడే లంగరేసి ఆపమన్నాడు రుడెన్. లంగరుకి కొంత విరిగినా, ఆ తర్వాత నా పగడాల జోలికి రానని మాటిచ్చాడు."

"లాజరు?"

"టేపు సంగతి రుడెన్‌కి చెప్పింది నేనే. చంపుతారని నాకు తెలీదు."

"టీవీ చూడు తల్లీ," అంది మరిడమ్మ వెనక నుంచి. పిస్టలు అనేది ఒకటుందని ఆవిడ గమనించినట్టే లేదు. "పుస్తకాలు చదివేవు కదా. ఆ రాయి మీద గుల్ల ఎక్కడిదో నువ్వే చెప్పు."

కెమెరా అడుగుకి చేరింది. లైట్ల వెలుగులో మూడో రాయి. కీర్తిప్రియ చూసింది. శాస్త్రవేత్త కళ్ళకి మూడు సెకన్లు పట్టింది.

"క్రీక్ ఆయిస్టర్. కాలవ గుల్ల," అంది గొణుగుతూ. "ఇక్కడా?" రాతి కింద నుంచి ఒక నల్లటి తీగ పైపు కిందికి పోవడం ఇప్పుడు స్పష్టంగా కనపడుతోంది. ఆవిడ తల తిప్పి రుడెన్ గది వైపు చూసింది. తలుపు తెరిచి ఉంది. పుస్తకాలు లేవు, బట్టలు లేవు. భోజనానికి వస్తానన్న మనిషి దిండు గలీబు కూడా తీసుకుపోయాడు.

పిస్టలు తీసి నీళ్ళలోకి విసిరేసింది. "పదకొండుకి. సరిగ్గా పదకొండుకి."

టైము పది ఇరవై అయిదు. పడమటి వైపు నీటి అంచున నల్లటి చుక్కలు. పూజ చేసి, కొబ్బరికాయలు కొట్టి, జెండాలు కట్టి బయల్దేరిన పడవలు. ఒకటి, పది, యాభై. లెక్క పెట్టడం మానేశాడు.

అప్పుడు ఆంజనేయరాజు ఒక తెలివైన పని చేశాననుకున్నాడు. కీర్తిప్రియ స్కార్ఫు లాక్కుని, డెక్కు మీద పీపా ఎక్కి, రెండు చేతులా గుండ్రంగా ఊపాడు. ఎర్రగుడ్డ అంటే ప్రమాదం. రైలే ఆగుతుంది.

మరిడమ్మ కెవ్వుమంది. "ఊపకండి బాబూ! ఊపకండి! గుడ్డ ఊపితే చేప పడిందని! గుంపు కనపడితే మావోళ్ళు అలాగే ఊపుతారు!"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అప్పటికే ఆలస్యమైంది. దూరంగా ఇంజన్ల చప్పుడు ఒక్కసారిగా హెచ్చింది. విడివిడిగా వస్తున్న పడవలు మొహాలు తిప్పి, పొగ కక్కుకుంటూ, ఒకదాన్నొకటి దాటుకుంటూ సూటిగా అతని వైపే వస్తున్నాయి. నూట పన్నెండు పడవల్ని తన చేత్తో తనే పిలిచాడు. పీపా మీదే కూర్చుండిపోయాడు.

"కూకుంటే ఎలాగండి?" అన్నాడు సత్తియ్య. అంత పొడుగు మాట అతను ఆ వారంలో అనలేదు. ఇంజన్ గదిలోంచి ఒక ఇనప వస్తువు ఈడ్చుకొచ్చాడు. పాతాళ గరిగె. నూతిలో పడ్డ బిందెలు తీసేదే, కాకపోతే మనిషంత ఉంది. చుట్టూ కొక్కేలు. "వల తెగి అడుగున పడితే దీంతోనే లాగుతామండి. ఆ రాయినీ లాగుదాం. ఇక్కడికి అర మైలు దూరంలో అడుగు విరిగిపోద్ది. లోయ. మా తాడుకి అందదు. అందులో పారేద్దాం."

"కదిలిస్తే పేలితే?"

"కదపకపోయినా పేలుద్ది కదండి."

గరిగె దింపారు. కెమెరా కళ్ళు, సత్తియ్య చేతులు. ఆంజనేయరాజు టీవీ ముందు నిలబడి అరిచాడు. "ఎడమకి! ఇంకో బార వదలండి! ఆగండి!" కొక్కెం రాయిని రాసుకుంటూ పోయింది. టీవీలో ఇసుక లేచి ఏమీ కనపడలేదు. ఏమీ కాలేదు. రెండోసారి కొక్కెం పైపు మీదకి జారబోతే కీర్తిప్రియ వించి వెనక్కి తిప్పింది. మూడోసారి నల్ల తీగ కొక్కేనికి చిక్కుకుని, లాగితే పైపు కింద నుంచి ఊడొచ్చింది. తర్వాత రాయి కదిలింది. దాని మీంచి రెండు గుల్లలు ఊడి, నెమ్మదిగా ఇసుక మీద పడ్డాయి.

పది నలభై ఆరు. సత్తియ్య ఇంజన్ పూర్తిగా వదిలాడు. ఓడ వెనక భాగం బరువుకి కుంగింది. ఎంత తోసినా రొయ్యల చెరువులో తెప్పలా కదులుతోంది. మొదటి పడవలో మనుషులు ఇప్పుడు కనపడుతున్నారు.

"మావోళ్ళే," అంది మరిడమ్మ. చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

పది యాభై అయిదుకి లోతు చూపే సూది ఒక్కసారిగా పడిపోయింది. లోయ. "వదిలెయ్యండి!" అని అరిచాడు సత్తియ్య. కీర్తిప్రియ వించి లివరు లాగింది. తాడు వదల్లేదు. కెమెరా కేబులూ గరిగె తాడూ మెలిపడి, ఓడ వెనక నీళ్ళ మీదకి వంగిన ఇనప స్తంభం చివర, కప్పీలో బిగుసుకుపోయాయి. ఎవరో ఒకరు ఆ స్తంభం మీద పాకి వెళ్ళి కోయాలి. సత్తియ్య చుక్కాని వదలకూడదు. కీర్తిప్రియ లివరు వదిలితే వించి ఊడొస్తుంది.

ఆంజనేయరాజు మరిడమ్మ వైపు చూశాడు. ఆవిడ నడుం నుంచి గుల్లలు ఒలిచే కత్తి తీసి అతని చేతిలో పెట్టింది.

ఆ తొమ్మిది అడుగులూ అతను ఎలా పాకాడో తర్వాత రిపోర్టులో రాయలేకపోయాడు. స్తంభం తడిగా ఉంది. కింద నీలం కూడా కాదు, నలుపు. అడుగు లేని నలుపు. అమ్మా, అమ్మా అని పైకే అంటున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే టీవీలో చూసిన ఆ ఏమీ లేనితనం కనపడింది. తెరిచాడు. మొదట కెమెరా కేబుల్ కోశాడు. లోపల రాగి తీగలు కత్తికి అడ్డం పడి కిర్రుమన్నాయి. తర్వాత తాడు. ఒక్కో పేటా తెగుతుంటే ఓడ కొంచెం కొంచెం పైకి లేస్తోంది. ఆఖరి పేట తనంతట తనే తెగి, చెంప మీద ఛెళ్ళుమని కొట్టి నీళ్ళలోకి పోయింది.

"పట్టుకోండి!" అని కీర్తిప్రియ అరవడం వినపడింది.

సత్తియ్య ఓడని తిప్పి ఉరికించాడు. ఒక నిమిషం. రెండు. వాచీ చూసుకోవాలంటే చెయ్యి వదలాలి. వదల్లేదు. పదకొండుకి చప్పుడేమీ రాలేదు. అడుగు నుంచి ఏదో గుద్దినట్టు ఓడ గజగజలాడింది. వెనక సముద్రం గుండ్రంగా, తెల్లగా, మేడంత ఎత్తు ఉబ్బింది. ఒక్క క్షణం అలాగే నిలబడి కూలిపోయింది. కెరటం వచ్చి వాళ్ళని ఎత్తి దింపింది. ముందున్న పడవలు ఊగిపోయాయి, ఒకదానికొకటి గుద్దుకున్నాయి. కానీ తేలాయి. అన్నీ తేలాయి.

ఆంజనేయరాజు స్తంభాన్ని కౌగిలించుకుని అలాగే ఉండిపోయాడు. వేళ్ళు రాలేదు. కీర్తిప్రియ పాకుతూ వచ్చి, వాటిని ఒక్కొక్కటే విప్పింది.

"లాజరు విషయం మీ చీఫ్‌కి నేనే చెప్తానండి," అంది చిటికెన వేలు విప్పుతూ. "రుడెన్ యానాం రేవులో దిగుతాడు. పన్నెండున్నరకి అక్కడికి కారు రమ్మని చెప్తుంటే నిన్న విన్నాను, ఎవరికో అనుకున్నాను. ఏదైనా పడవలో వైర్‌లెస్ అడిగి తీసుకోండి."

అడిగి తీసుకున్నారు. పన్నెండూ నలభైకి యానాం రేవులో, మెత్తని చెప్పుల దొరని వీరబ్రహ్మం మనుషులు దిండు గలీబుతో సహా కారెక్కించారు. వైర్‌లెస్‌లో చీఫ్ ఆర్డరు ఒక్కటే. పైపు సంగతి బయటికి పొక్కకూడదు. సర్వే పరికరం ఏదో పేలిందని చెప్పండి, అంతే.

ఆ మాట చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. పడవలన్నీ ఓడని చుట్టుముట్టాయి. ముందు పడవలో మరిడమ్మ పెద్దకొడుకు లేచి నిలబడి చేతులు తిప్పుతూ కేకలేశాడు.

"ఏంటండి ఇది! నలభై అయిదు రోజులు కాలు కాలిన పిల్లుల్లాగ ఒడ్డున తిరిగి వత్తే, గుడ్డూపి మరీ పిలిచి ఉన్న చేపలన్నీ బెదరగొట్టేత్తారా? చేపల్ని కాపాడతం అంటే ఇదేనాండి? అమ్మా, నీకసలు బుద్ధుందా, ఈళ్ళ ఓడెక్కేవు!"

మరిడమ్మ రెయిలింగు పట్టుకుని కొడుకునే చూస్తోంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. "తిట్టరా నాయనా," అంది, అతనికి వినపడనంత నెమ్మదిగా. "ఇంకా తిట్టు."

ఏజెంట్ ఆంజనేయరాజు చేతులు జోడించాడు. సర్వే టీమ్ తరఫున ఆ పూట నూట పన్నెండు పడవలకీ పేరుపేరునా క్షమాపణ చెప్పుకున్నాడు. ఒక్క పడవ కూడా క్షమించలేదు.